చుంగ్‌కింగ్ మ్యాన్షన్స్‌లో నాలుగు రాత్రులు ఉండొచ్చా?

మీరు అడిగింది ఇది: విజయవాడలో మొబైల్ యాక్సెసరీల షాపు ఉంది, అక్టోబరు ఎలక్ట్రానిక్స్ ఫెయిర్‌కి మొదటిసారి హాంకాంగ్ వెళ్తున్నారు, నాలుగు రాత్రులు ఉండాలి. ఫెయిర్ రోజుల్లో మామూలు హోటళ్ల రేట్లు చూసి కళ్లు తిరిగాయి. నేథన్ రోడ్డులోని చుంగ్‌కింగ్ మ్యాన్షన్స్‌లో మాత్రం గది మూడో వంతుకే దొరుకుతోంది. "అది దొంగల అడ్డా, అటు పోకండి" అని ఒకరు, "నేను పదిసార్లు ఉన్నాను, ఏం కాలేదు" అని మరొకరు చెప్పారు. మోకాళ్ల నొప్పులున్న అరవై రెండేళ్ల నాన్నగారు కూడా వస్తానంటున్నారు. ఏం చేయాలి?

మీరొక్కరే అయితే ఉండండి. నాన్నగారు వస్తే అక్కడ వద్దు. ఉండేటట్టయితే మీరు చూసుకోవాల్సింది భవనాన్ని కాదు, అందులోని ఆ ఒక్క ఫ్లాటుని, ఆ ఒక్క గదిని. చుంగ్‌కింగ్ గురించి మీరు విన్న మంచి, చెడు రెండూ నిజమే కావడానికి కారణం కూడా ఇదే.

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌కి సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారం మాది. 2007 నుంచి కోవిడ్ వచ్చేదాకా ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లేవాణ్ని, తర్వాత కూడా వెళ్లాను. ఆ భవనంలో పడుకున్న రాత్రులు వందకి తక్కువ ఉండవు. మంచి గదులూ చూశాను, తెల్లవార్లూ కూర్చుని గడిపిన గదులూ చూశాను.

ముందు పేరు దగ్గరే మనవాళ్లు పొరబడతారు. మ్యాన్షన్ అంటే ఏదో జమీందారు బంగళా అనుకుంటారు. మద్రాసు ట్రిప్లికేన్‌లో బ్రహ్మచారులు అద్దెకుండే మ్యాన్షన్లు చూసినవాళ్లకి మాత్రం విషయం త్వరగా అర్థమవుతుంది. హాంకాంగ్‌లో మ్యాన్షన్ అంటే ఫ్లాట్ల భవనమే. ఇది 1961లో కట్టిన 17 అంతస్తుల కట్టడం. కింద రెండు అంతస్తులూ దుకాణాలు, వాటి పైన ఎ, బి, సి, డి, ఇ అని అయిదు బ్లాకులు. ఫ్లాట్లకి యజమానులు వందల్లో ఉన్నారు. కొందరు తమ ఫ్లాటుని చిన్న చిన్న గదులుగా విడగొట్టి గెస్ట్ హౌస్ నడుపుతున్నారు. మీరు బుకింగ్ యాప్‌లో చూసిన పాతిక పేర్లూ ఈ ఒక్క గేటు లోపలివే. ఒక గెస్ట్ హౌస్ శుభ్రంగా ఉంటుంది, ఎదురు తలుపు తీస్తే ముక్కు మూసుకోవాలి. "చుంగ్‌కింగ్ ఎలా ఉంటుంది?" అని అడగడం "కోఠీలో షాపులు ఎలా ఉంటాయి?" అని అడిగినట్టే.

దీనికింత చెడ్డపేరు ఎందుకొచ్చిందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది, అందుకని కాస్త పాత కథ. కట్టిన కొత్తలో ఇది కలిగినవాళ్లు ఉండే భవనం. వియత్నాం యుద్ధం రోజుల్లో సెలవు మీద వచ్చిన అమెరికన్ సైనికులు ఈ చుట్టుపక్కలకి చేరడంతో బార్లు, వ్యభిచారం, మత్తుమందుల బేరాలు మొదలయ్యాయి. ఆ తర్వాత వీపున సంచులతో తిరిగే తెల్లవాళ్లు చౌక మంచాల కోసం వచ్చారు. మన ఉపఖండం వ్యాపారులొచ్చారు, వాళ్ల వెనకే ఆఫ్రికా వ్యాపారులొచ్చారు. 1988లో అగ్నిప్రమాదం జరిగి డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక పర్యాటకుడు చనిపోయాడు. 1993లో కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు, అంత పెద్ద భవనమూ చీకట్లో ఉంది. 1994లో దర్శకుడు వాంగ్ కార్ వై తీసిన 'చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్' సినిమాతో ఈ పేరు ప్రపంచమంతా పాకింది. కానీ హాంకాంగ్‌లోనే పుట్టి పెరిగిన చైనీయుల్లో చాలామంది ఆ గేటు దాటి లోపలికి రావడానికి భయపడేవాళ్లు. మా సప్లయర్ దగ్గర పనిచేసే కుర్రాడు ఇన్‌వాయిస్ ఇవ్వడానికి వచ్చి, లోపలికి రాకుండా ఎదురుగా ఐస్క్వేర్ మాల్ దగ్గర నిలబడి ఫోన్ చేసేవాడు.

నేను వెళ్లడం మొదలుపెట్టినప్పుడు అది ఫోన్ల కాలం. చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్‌లో మానవశాస్త్రం చెప్పిన గార్డన్ మాథ్యూస్ ఏళ్ల తరబడి ఈ భవనంలోనే రాత్రులు గడిపి దీని మీద పరిశోధన చేశారు. గెస్ట్ హౌసుల రిజిస్టర్లు చూసి 129 దేశాల మనుషుల్ని లెక్కపెట్టారు. ఏ రాత్రి చూసినా నాలుగు వేల మంది దాకా ఇక్కడ ఉంటారని, సహారాకి దక్షిణాన ఆఫ్రికాలో వాడే మొబైల్ ఫోన్లలో 20 శాతం దాకా ఏదో ఒక దశలో ఈ భవనం మీదుగా వెళ్లినవేనని ఆయన అంచనా వేశారు. ఆ మాట నమ్మడానికి నాకు ఏ పుస్తకమూ అక్కర్లేదు. మెట్ల మీద కూర్చుని నైజీరియా వ్యాపారులు ఫోన్లని డబ్బాల్లోంచి తీసి, బబుల్ రేపర్ చుట్టి, బ్యాగులో ఒక్క అంగుళం వదలకుండా సర్దుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. సరుకు ఎలా సర్దాలో వాళ్లని చూసే నేర్చుకున్నాను. ఆ వ్యాపారం చాలావరకు చైనాలోని గ్వాంగ్‌జౌకి, షెన్‌జెన్‌కి తరలిపోయింది. ఇప్పుడు కింద అంతస్తులో సమోసాలు, సిమ్ కార్డులు, సూట్‌కేసులు, మనీ ఎక్స్ఛేంజీలే ఎక్కువ.

ఇక మీ అసలు టెన్షన్, భద్రత. ఇప్పుడు వందల సీసీ కెమెరాలున్నాయి. ప్రతి లిఫ్టు దగ్గరా చిన్న టీవీ ఉంటుంది, లిఫ్టు లోపల ఎవరున్నారో బయట క్యూలో నిలబడ్డవాళ్లకి కనిపిస్తుంది. గార్డులు రాత్రంతా ఉంటారు, పోలీసులు వచ్చి ఐడీలు అడుగుతుంటారు (పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి). ఇన్నేళ్లలో నా వస్తువు ఒక్కటీ పోలేదు. ఒకసారి మనీ ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర శాంపిల్ కేబుళ్ల సంచి మర్చిపోయి పైకి వెళ్లిపోయాను. రెండు గంటల తర్వాత పరుగెత్తుకుంటూ దిగితే, పక్కన సమోసాలు అమ్మే పాకిస్తానీ పెద్దాయన దాన్ని తన కుర్చీ కింద పెట్టి కాపలా కాశాడు. "బేటా, గిన్ లో" (లెక్కపెట్టుకో నాయనా) అని నా ముందే తెరిచి చూపించాడు.

అలాగని అన్నీ ఇలాగే ఉండవు. బుకింగ్ ఉన్నా గది మార్చేయడం అక్కడ పాత జబ్బు. ఒకసారి రాత్రి పదకొండు దాటాక దిగాను. బుక్ చేసిన గెస్ట్ హౌస్ మనిషి "ఈ బ్లాకులో ఫుల్, మా అన్న గెస్ట్ హౌస్ వేరే బ్లాకులో ఉంది, అంతా ఒకటే" అని నా సూట్‌కేసు పట్టుకుని నడిచాడు. తీసుకెళ్లిన గదికి కిటికీ లేదు, గోడ తడి, దుప్పటి మీద ఇంకొకరి జుట్టు. ఆ వేళలో ఎక్కడికి పోను? తెల్లవార్లూ కుర్చీలో కూర్చుని పొద్దున్నే ఖాళీ చేశాను. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది: మొదటి రాత్రికి మాత్రమే డబ్బు కడతాను, గది చూశాకే మిగతా రాత్రులు ఖాయం చేస్తాను. బుకింగ్‌లో ఉన్న బ్లాకు, అంతస్తు, ఫ్లాటు నంబరు కాగితం మీద రాసుకుని వెళ్తాను. వేరే చోటికి రమ్మంటే "ముందు గది చూపించండి, నచ్చితే సామాను తెస్తాను" అంటాను. సూట్‌కేసు ఎవరి చేతికీ ఇవ్వను. వీలుంటే పగటిపూట దిగే విమానం చూసుకోండి. పగలు గది నచ్చకపోతే అదే లిఫ్టులో ఇంకో రెండు అంతస్తులు తిరిగి చూసుకోవచ్చు.

గది ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు లైసెన్స్ చూడండి. హాంకాంగ్‌లో గెస్ట్ హౌస్ నడపాలంటే ప్రభుత్వ హోం అఫైర్స్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. దాన్ని కనిపించేలా పెట్టాలి, తలుపు దగ్గర లైసెన్స్ గుర్తు అంటించాలి. లైసెన్స్ ఉన్నవాటి జాబితా ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు, ఫ్లాటు నంబరు రెండూ కలుస్తున్నాయో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఆ లైసెన్స్ ఇచ్చేముందు చూసేది ముఖ్యంగా భవన భద్రత, అగ్నిమాపక ఏర్పాట్లు. అందుకే ఈ విషయంలో నేను ఇంత పట్టుబడుతున్నాను.

నిజానికి అక్కడ భయపడాల్సింది దొంగల గురించి కాదు, నిప్పు గురించి. 2024 ఏప్రిల్‌లో అదే నేథన్ రోడ్డు మీద, జోర్డాన్ ప్రాంతంలో న్యూ లక్కీ హౌస్ అనే పాత భవనం అంటుకుంది. అందులోనూ గెస్ట్ హౌసులు ఉన్నాయి. అయిదుగురు చనిపోయారు. పాత భవనాలు, ముక్కలు చేసిన ఫ్లాట్లు, నడవాల్లో పేర్చిన సామాన్లు, ఇవన్నీ ఒకచోట చేరితే పొగ ఎంత వేగంగా కమ్ముకుంటుందో ఊహించుకోండి. నేను ఎప్పుడు దిగినా మొదట చేసే పని, సామాను గదిలో పడేసి మెట్ల దారిన కిందికి నడవడం. నా తలుపు నుంచి మెట్ల దాకా ఎన్ని అడుగులో లెక్కపెడతాను, ఎందుకంటే పొగలో కళ్లు కనపడవు. దారిలో అట్టపెట్టెలు ఎక్కడ అడ్డున్నాయో, మెట్లు చివరికి ఎక్కడ తేలతాయో చూస్తాను. పది నిమిషాల పని. ఆ మెట్లు గొప్పగా ఏమీ ఉండవు, తడి, సిగరెట్ పీకలు, పైపుల నుంచి కారే నీళ్లు. అయినా మీరు ఒక్కసారి దిగి చూడాల్సిందే. మెట్లకి తాళం కనిపించినా, దారి పూర్తిగా మూసుకుపోయినా ఆ గదిలో ఉండకండి, ఎంత చౌకైనా సరే.

ఇదే కారణంతో కింది అంతస్తుల్లో గది దొరికితే పైవాటి జోలికి పోవద్దంటాను. రెండో కారణం లిఫ్టు. ఒక్కో బ్లాకుకి రెండే లిఫ్టులు, ఒకటి సరి అంతస్తులకి, ఒకటి బేసి అంతస్తులకి. చాలా చిన్నవి. సాయంత్రం వేళ మీ ముందు ఇద్దరు సూట్‌కేసులతో, ఒకరు బియ్యం బస్తాతో, ఇంకొకరు గ్యాస్ పొయ్యి డబ్బాతో ఉంటారు. ఎక్కగానే ఓవర్‌లోడ్ గంట మోగుతుంది, ఆఖరున ఎక్కినవాళ్లు మారుమాట లేకుండా దిగిపోతారు. అది అక్కడి మర్యాద, మీరు ఆఖరైతే మీరే దిగాలి. ఫెయిర్ నుంచి కాళ్లు లాగుతూ వచ్చి ఇరవై నిమిషాలు క్యూలో నిలబడ్డ రోజులున్నాయి. అయిదో అంతస్తు అయితే మెట్లెక్కి పోవచ్చు, పద్నాలుగో అంతస్తు అయితే నిలబడాల్సిందే.

గది ఎంత ఉంటుందో ముందే మనసులో పెట్టుకోండి. మంచం, మంచం పక్కన మీరు పక్కకి తిరిగి నడిచేంత సందు, అంతే. సూట్‌కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి. బాత్రూమ్‌లో కమోడ్ మీదే షవర్ ఉంటుంది, స్నానం చేస్తే టాయిలెట్ పేపర్‌తో సహా అన్నీ తడుస్తాయి. దాన్ని ముందే బయట పెట్టేయండి. కిటికీ ఉందని రాస్తారు, చాలాసార్లు అది భవనం మధ్యలోని గాలి సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులోంచి పొద్దున్నే తాలింపు వాసన, ఎవరిదో నమాజు, ఎవరిదో నేపాలీ పాట, ఏసీల హోరు అన్నీ కలిసి వస్తాయి. నాకు అది ఇష్టం. నిద్ర పలచగా పట్టేవాళ్లకి మాత్రం చెవుల్లో దూది తప్పదు. ఏసీ, వేడినీళ్లు, వైఫై దాదాపు అన్ని చోట్లా ఉంటాయి, చేరగానే మూడూ ఆన్ చేసి చూడండి. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన ఛార్జర్‌కి అడాప్టర్ కావాలి. అది మీ షాపులోనే ఉంటుంది కదా, రెండు వేసుకోండి.

నేను చివరగా వెళ్లినప్పుడు ఒంటరి గదికి 250 నుంచి 400 హాంకాంగ్ డాలర్ల మధ్య ఇచ్చాను, మన రూపాయల్లో ఎంతో ఆ రోజు రేటు లెక్కన చూసుకోండి. ఫెయిర్ రోజుల్లో ఇంకా పెరుగుతుంది. మరీ తక్కువకి వస్తోందంటే అది కిటికీ లేని గదైనా అయ్యుండాలి, బాత్రూమ్ పంచుకునేదైనా అయ్యుండాలి.

గేటు దగ్గర మొదటి పది గజాలే కష్టం. మీరు కనపడగానే నలుగురు చుట్టుముడతారు. "రూమ్ సర్?", "కాపీ వాచ్?", "సూట్ కుట్టిస్తారా?", గొంతు తగ్గించి ఇంకేవేవో. ఆగకండి, జవాబు చెప్పకండి, తిట్టకండి, "నో థాంక్స్" అని చూపు లిఫ్టు మీద పెట్టి నడవండి. రెండో రోజుకి మీ ముఖం గుర్తుపట్టి వదిలేస్తారు. వాళ్లలో శరణార్థులుగా వచ్చి కేసు తేలక ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు కూడా ఉండొచ్చు, అలాంటివాళ్లకి అక్కడ చట్టప్రకారం పని చేసుకునే హక్కు ఉండదు. కాబట్టి విసుగొచ్చినా మాట తూలొద్దు. గేటుకి ఆనుకుని ఉన్న మనీ ఎక్స్ఛేంజీల్లో డబ్బు మార్చకండి, లోపలికి వెళ్లేకొద్దీ రేటు బాగుంటుంది. మూడు నాలుగు కౌంటర్లు అడిగి, "నా చేతికి ఎంతిస్తారు?" అని కాలిక్యులేటర్ మీద చూపించమని అప్పుడు నోట్లు తీయండి.

తిండికి లోటు లేదు. పప్పు, చపాతీ, బిర్యానీ, టీ అన్నీ కిందే దొరుకుతాయి. పై అంతస్తుల్లో ఫ్లాటుల్లోనే నడిచే మెస్సులు ఉన్నాయి, కింద కౌంటర్ల కంటే అక్కడ తిండి నాకు నచ్చుతుంది. శాకాహారులైతే ముందే గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. నేను వద్దంటున్నది మోకాళ్ల వల్లే. లిఫ్టు క్యూలో నిలబడలేరు, తడి బాత్రూమ్‌లో జారే ప్రమాదం ఉంది, అన్నిటికంటే ముఖ్యం, నిప్పో పొగో వస్తే ఆ మెట్లు ఆయన దిగలేరు. ఇద్దరికి ఆ గది చాలదు కూడా. దీని మీద ఇంకో ఆలోచన వద్దు. పక్కనే ఉన్న మిరడార్ మ్యాన్షన్ కాస్త గాలి, వెలుతురు ఉన్న భవనం, కానీ ఆయన విషయంలో అక్కడా ఇదే ఇబ్బంది. ఇద్దరూ వెళ్తుంటే జోర్డాన్ లేదా యౌ మా తే వైపు సరైన లిఫ్టులున్న చిన్న హోటల్ చూడండి. రేటు రెట్టింపైనా ఇద్దరి మీద పంచుకుంటే అంత భారం కాదు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. మా ఆవిడ ఒకసారి నాతో వచ్చింది. గదిలో ఆమెకి ఏ ఇబ్బందీ లేదు, గెస్ట్ హౌస్ నడిపే ఫిలిప్పీన్స్ ఆవిడ చాలా బాగా చూసుకుంది. కానీ గేటు దగ్గర గుంపులుగా నిలబడ్డ మగవాళ్ల చూపులు రోజుకి నాలుగుసార్లు దాటాలి. రెండో రోజు సాయంత్రం "ఎవరూ ఏమీ అనలేదు, కానీ నేను ఇక్కడ ఉండలేను" అంది. వెంటనే జోర్డాన్‌లో హోటల్‌కి మారాం. ఆమెది అనవసర భయం అని నేను అనను, ఆ చూపుల మధ్య నడవాల్సింది ఆమె, నేను కాదు కదా.

మీరొక్కరే వెళ్తే ఈ చోటు వల్ల నిజమైన లాభం ఒకటుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఎ21 బస్సు నేథన్ రోడ్డు మీదుగానే వస్తుంది, ట్యాక్సీ అక్కర్లేదు. ఫెయిర్ జరిగేది సముద్రానికి అవతల వాన్ చాయ్ కన్వెన్షన్ సెంటర్‌లో. పొద్దున పది నిమిషాలు నడిచి ఛిమ్ షా ఛుయ్ రేవు దగ్గర స్టార్ ఫెర్రీ ఎక్కితే నేరుగా వాన్ చాయ్‌లో దిగుతారు. ఫెయిర్ కాని పూట షామ్ షుయ్ పో ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి మెట్రో ఉంది. ఇంకొక పని బయల్దేరకముందే చేయాలి: ఇండియన్ పాస్‌పోర్టు మీద 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు గానీ, ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ స్లిప్ ప్రింట్ తీసుకెళ్లాలి. ఇమిగ్రేషన్‌లో ఎక్కడ ఉంటున్నారని అడిగితే చుంగ్‌కింగ్ అని చెప్పడానికి మొహమాటపడకండి. బుకింగ్ కాగితం, తిరుగు టికెట్, ఫెయిర్ రిజిస్ట్రేషన్ మూడూ ఒకే ఫైల్లో పెట్టుకుని చూపించండి. నన్ను ఒక్కసారి పక్కకి పిలిచి పావుగంట అడిగారు, ఆ ఫైలు చూసి పంపించేశారు.

గది బుక్ చేసేముందు గెస్ట్ హౌస్ పేరు, బ్లాకు, ఫ్లాటు నంబరు ఇక్కడే కింద రాయండి. నాకు తెలిసినదైతే ఎలా ఉంటుందో చెప్తాను, తెలియకపోతే లైసెన్స్ జాబితాలో ఉందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.